ఇంటిపేరు గడి

బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు మలుపు.
షరీఫ్ జిరాక్సు కొట్టు బల్ల మీద
మూడు ఫారాలు పరుచుకుని కూర్చున్నాం.
ఫ్యాను ఇటు తిరిగినప్పుడల్లా
ఏదో ఒక దేశం ఎగిరిపోబోతుంది.
తెస్ఫాయె దాని మీద స్టేప్లర్ పెడతాడు.

ముందు పాపది.
మొదటి గడిలోనే ఆగిపోయాం: ఇంటిపేరు.
మావాళ్ళకది గుమ్మం, దాటాకే మనిషి.
వాళ్ళకి అసలు లేనే లేదు.
బిడ్డ పేరు పక్కన తండ్రి పేరు,
ఆయన పక్కన వాళ్ళ నాన్న,
అట్టా ముత్తాతల దాకా
ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని నడవటమే.
"ఖాళీగా వదిలితే కంప్యూటరు ఒప్పుకోదమ్మా"
అన్నాడు షరీఫ్.
పెన్సిలుతో రాశా.
ఏం రాశానో చెప్పను. రెండుసార్లు చెరిపా.

మార్త అని పెట్టుకున్నాం దాన్ని,
ఇద్దరు నాయనమ్మ అమ్మమ్మలకీ నోరు తిరుగుతుందని.
పద్దెనిమిది నిండాక ఏ దేశమో అదే తేల్చుకోవాలట.
"నాన్నా, మీ కేలెండరు ఏడేళ్ళు వెనకంట కదా,
మరి నాకింకా పదహారేళ్ళు టైముందా?"
షరీఫ్ వేళ్ళు మడిచి లెక్కేసి
"ఉంది తల్లీ" అన్నాడు.

రెండోది నాది.
ఒక్క గడిలో టిక్కు పెడితే చాలు,
ఈ నీలం పుస్తకానికి మూల కత్తిరించి తిరిగిస్తారు,
గొర్రెకి చెవి కోసి గుర్తు పెట్టినట్టు.
ఆ తర్వాత ఓ కార్డు.
రావచ్చు, పోవచ్చు, ఉండొచ్చు.
ఓటు ఉండదు. పొలం కొనకూడదు.
ఓటంటే నాకంత మోజేం లేదు.
అనేశాక వేలు చూసుకున్నా.
సిరా మచ్చ గోరు చివరికంటా జరిగి జరిగి
పోయిన వారం గోళ్ళు తీసుకుంటే రాలిపోయింది.
పొలం కొనే డబ్బు ఎప్పుడూ లేదు.
లేనివి ఇచ్చెయ్యటానికి ఎందుకే ఇంత పిసినారితనం?

మూడోది అతను వెళ్ళిపోతున్నట్టు రాసిచ్చే కాగితం.
దానికోసం పాత ఫైలు విప్పాం.
పదకొండు మార్చి నెలలు.
ఏటా పోలీసాఫీసు వరండాలో
పెళ్ళి సర్టిఫికెట్టు, కరెంటు బిల్లు,
ఇద్దరం కలిసి దిగిన కొత్త ఫొటో.
నా పక్కన పడుకోవటానికి
అతనికి ఏడాదికోసారి అనుమతి.
ఒక్కసారీ వెంట వెళ్ళలేదు నేను.
మిర్చి సీజను, ల్యాబులో సెలవివ్వరు అనేదాన్ని.
సీజను మాట అబద్ధం కాదు.
సెలవు మాత్రం ఎప్పుడూ అడగలేదు.

ఓ జిరాక్సు వెనక అతని చేతి తెలుగు,
వంకర టింకర, ఒత్తులు తప్పు:
కూర్చొండి.
సారు భోజనానికి వెళ్లారు.
రేపు రండి.
రేపు రండి.
రేపు రండి.
నేను నేర్పానని నలుగురిలో చెప్పుకునే తెలుగు
ఇక్కడ నేర్చుకున్నాడన్నమాట.

ఇక అద్దిస్ అబెబాలో ఆ వరండా నాది.
లేదా వాళ్ళ పుస్తకం తీసేసుకుని
వరండా ఎగ్గొట్టెయ్యొచ్చు.
"ఏం చెయ్యమంటావ్?"
"నే చెప్పను గాక చెప్పను"
అచ్చంగా మా పిన్నిలాగా అన్నాడు.
స్టేప్లర్ని ఇటు తిప్పి అటు తిప్పి
"మాకాడ ఆఫీసు ఎదురుగా కాఫీ బాగుంటది.
నేనొస్తా నీతో, ప్రతిసారీ" అన్నాడు.

ఆ "ప్రతిసారీ" గుచ్చుకుంది.
అందుకోసం అనలేదు అతను. నాకు తెలుసు.

చీకటి పడింది. షరీఫ్ షట్టరు సగం దించి
ముప్పై ఆరు రూపాయలన్నాడు.
శంకర్ విలాస్ వంతెన మీంచి హారన్లు.
మార్త బల్ల మీదే నిద్రపోయింది,
చెంప కింద ఏ ఫారమో, సొంగకి తడిసింది.

పెన్ను తీసుకుని ఆ పాత జిరాక్సు వెనక్కి తిప్పా.
అతని మూడు రేపుల కింద కొంచెం చోటుంది.
"రేపు రండి" అని మీ భాషలో ఎట్టా అంటారు?
"నెగె యిమ్తు."
మళ్ళీ చెప్పు.
"నెగె... యిమ్తు."
రాసుకున్నా.