మచ్చు

మూడు ప్రోగ్రాములు దించుకున్నాను
పదిహేను రోజుల గడువుతో.
మూడింటి పనీ ఒకటే.
బ్రాడీపేట నాలుగో లైన్లో కిటికీ పక్కన కూర్చుని నేనన్న మాట
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో మిషను చెవిన వెయ్యాలి,
దాని జవాబు మోసుకురావాలి.

"ఏది కొనాలో మార్కులేసి ఇవ్వమ్మా, శుక్రవారానికి"
అన్నారు పున్నారావు గారు.

మార్కులెట్లా వేస్తారో నాకు తెలీదు.
యార్డులో మస్తాన్‌వలి మామ వేయడం చూశాను.
టిక్కీలోకి మోచేతిదాకా చెయ్యి దించుతాడు,
పై కాయ ముట్టుకోడు.
అడుగు కాయ తీసి చెవి దగ్గర ఆడిస్తాడు,
గింజ గలగలమనాలి.
విరుస్తాడు. తుమ్మడు.
"నీళ్ళు చల్లారు" అంటాడు, లేకపోతే "చల్లలా" అంటాడు.
నలభై ఏళ్ళ పనికి ఆయన దగ్గర మిగిలిన మాటలవే.

మొదటిదానికి పద్దెనిమిది రంగుల తొడుగులు.
నల్లటి తెరమీద పసుపూ ఆకుపచ్చా
పెళ్ళిపందిరి బల్బుల్లా.
రైతుల పేర్లు అడిగాను.
"సామ్రాజ్యం, నలభై రెండు టిక్కీలు, మూడో గది"
ఏ వత్తు ఎక్కడుండాలో అక్కడే, కుదురుగా.
ఏడాది ఖరీదు మా వాచ్‌మన్ రెండు నెలల జీతం.

రెండోది అడుగడుక్కీ అనుమతి అడిగింది.
తెలుగు చూపించమంటే వరసగా ఖాళీ గళ్ళు,
టిక్కెట్లు తెగని మార్నింగ్ షో.
ఆ సాయంత్రమే తీసేశాను.

మూడోది ఊరికే వస్తుంది.
మెనూ లేదు, మర్యాద లేదు.
దాంట్లో సామ్రాజ్యం కూలిపోయింది.
స ఒకచోట, దాని దీర్ఘం ఇంకోచోట,
మ పక్కన దిక్కులేని పొల్లు,
ర, జ, య ఎవరికి వారు.
నవ్వుకుని, మూడు మార్కులు వేశాను.

బుధవారం రాత్రి రెండు దాటాక
వడగాలి విసురుకి ఎక్కడో తీగ తెగింది.
మిగిలిన రెండూ పక్కపక్కనే తెరిచి ఉన్నాయి.
రంగులది చెప్పింది: మూడో గది, ఆరు డిగ్రీలు.
కాసేపాగి చూశాను. ఆరు డిగ్రీలు.
ప్రాణమున్నట్టే కర్సరు కొట్టుకుంటోంది.

ఊరికే వచ్చింది మాత్రం పై అంచున
లెక్కపెట్టడం మొదలెట్టింది:
అటునుంచి మాట విని పద్నాలుగు సెకన్లు.
నలభై.
నూట పది.

ఏసోబుకి ఫోను కొట్టాను.
"గోడమీద ముల్లు పదకొండు చూపిస్తందమ్మా.
కంప్రెసరు ఎప్పుడో ఆగింది, నేనే కునుకు తీశా."
టార్చి పళ్ళతో కరిచిపట్టుకుని
జనరేటరు తిప్పుతున్న చప్పుడు
ఫోన్లో విన్నాను,
మూడోసారికి అందుకుంది.

రంగులదాంట్లో ఇంకా ఆరు డిగ్రీలే.
పై వరస తేజా కాయలు, అడుగున తాలు.

మూడుంబావుకి లైను వచ్చింది.
ఊరికే వచ్చింది
నేను సగంలో వదిలిన మాట దగ్గరే
నిలబడి ఉంది.

గురువారం పొద్దున సామ్రాజ్యమే వచ్చింది,
ప్రత్తిపాడు అవతల నుంచి, రెండు బస్సులు మారి.
రాత్రి సంగతి దాచకుండా చెప్పాను.
టిక్కీ విప్పించి తనే అడుగుదాకా చెయ్యి పెట్టింది.
ఏమీ అనలేదు.
రిజిస్టరు ముందుకి జరిపాను.

రాత్రిబడిలో తిరిగిన చెయ్యి.
స రాసి ఆగింది.
దీర్ఘం ఇచ్చింది, కొంచెం ఎడంగా.
మ. దానికి పొల్లు.
పెన్ను సర్దుకుని, చీర చెంగుతో వేళ్ళు తుడుచుకుని,
ర. జ.
వెనక నలుగురు నిలబడి ఉన్నారు.
నేను తొందరపెట్టలేదు.
చదువుకున్నాను, ఒక్కొక్కటే.

శుక్రవారం కాగితం ఇవ్వలేకపోయాను.
శనివారం మూడు కొట్టేశాను గానీ
దాని పక్కన ఏ అంకె వేయాలో తోచలేదు.
విశేషాల గడిలో మాత్రం రాశాను:
నీళ్ళు చల్లలా.

పున్నారావు గారు కళ్ళజోడు తీసి,
తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు.
"ఏందమ్మా ఇది, మిరపకాయలా?"