మినిట్స్‌లో రాయనిది

ఫిబ్రవరి. చర్చి వెనక గదిలో హీటరు సగమే వెలుగుతోంది.
చరిత్ర సంఘం ఏడుగురం, బిస్కెట్లు ఐదు.
జూన్ పండగకి పద్దు రాస్తున్నాను:
పడవల ఫోటోలు ఫర్కర్ తెస్తాడు,
ఉప్పు పీపాలు రెండు, అద్దెకి, అబర్డీన్ నుంచి,
చేపలు కోసే ఆడవాళ్ల వేషాలు బడిపిల్లలకి.

"చేపలు మాత్రం రబ్బరువి," అన్నాడు లాచ్లన్.
"పక్కనే కేకుల బల్ల. కంపు కొడితే ఎవడొస్తాడు?"
అందరం తలలూపాం.

మూలన ఈఫీ. తొంభై మూడేళ్లు.
చెవుడు కదా అని ఎవరం అడగలేదు.
సంచిలోంచి పాత పిండిసంచి గుడ్డ తీసి
పేలికలు చింపింది,
ఒక్కో వేలికీ చుట్టి పళ్లతో ముడి బిగించింది.
నా పెన్సిలు లాక్కుని
గాలిలో ఒక్క తిప్పు,
రెప్ప పడేలోగా ఇంకోటి, ఇంకోటి.
నిమిషానికి నలభైట.
అరచేతుల్లో ఉప్పు తిన్న గుంటలు
ఇంకా తెల్లగానే ఉన్నాయి.

"పెళ్లినాడు కూడా వదల్లేదురా ఆ కంపు," అంది.
"చీకట్లో దాన్ని పట్టుకునే
నా దగ్గరికొచ్చేవాడు మా ఆయన."

లాచ్లన్ దగ్గాడు.
పెన్సిలు తిరిగి అడుక్కుని
'రబ్బరు' కొట్టేశాను.
కేకుల బల్ల ఎటు జరపాలో
ఇంకా తేలలేదు.