సున్నా నుంచి

పుంతా అరేనాస్‌లో ఆ రోజూ గాలే.
కిటికీ సందుల్లో పాత పేపరు కుక్కి
మీటరు దారానికి ఇత్తడి గుండు కట్టాం.

ఇరవై డోలనాలు.
స్టాప్‌వాచ్ యస్నాది, మొదటి రెండుసార్లు లెక్క నాది.
నలభై పాయింట్ రెండు.
నలభై పాయింట్ సున్నా.
మూడోసారి రెండూ తనే చూసుకుంది:
ముప్పై ఎనిమిది పాయింట్ ఒకటి.

రబ్బరు తీసింది.
ఎలెయుతేరియో గారు చెయ్యి అడ్డం పెట్టారు.
"చెరపకు. ఒక్క గీత కొట్టు,
కింద అంకె కనబడాలి."

పెదవి బిగబట్టి గీత కొట్టింది.
నేను గాలిని తిట్టాను.
ఆయన దేన్నీ తిట్టలేదు,
"మళ్ళీ లెక్కపెట్టు, ఈసారి పైకి" అన్నారంతే.

గుండు వదులుతూనే తను "ఒకటి" అంది.
అది ఇంకా
ఎక్కడికీ వెళ్ళి రాలేదు.

పందొమ్మిదితో భాగించి చూశాం:
రెండు సెకన్లు, పైన రవ్వంత,
మిగతా రెండింటి పక్కన బుద్ధిగా కూర్చుంది.
కొట్టేసిన అంకెది కాదు తప్పు,
దాని పక్కన రాసుకున్న ఇరవైది.

నోటుబుక్కులో ఆ గీత అలాగే ఉంది,
కాస్త వంకరగా.

సాయంత్రం ల్యాబు తాళం పడ్డాక
పై మెట్టు మీద ఆగి,
టోపీ చెవుల మీదికి లాక్కుని,
కాలు కదపకముందే
"సున్నా" అంది యస్నా.