ఇసుక సంచి

సోమ, బుధ, శుక్రవారాలు
నా పక్క కుర్చీ కుమగాయి గారిది.
పద్నాలుగేళ్ళుగా ఆయన నెత్తురు
వారానికి మూడుసార్లు ఊరెళ్ళి వస్తుంది.
అలా అనేది ఆయనే,
ఎర్రటి గొట్టాన్ని చూపుడువేలితో నిమురుతూ.

కిటికీ అవతల ఒతారు రేవు.
ఎటు చూసినా నీళ్ళే. సముద్రం, పొగమంచు,
చూరుకి వేలాడే మంచు కత్తులు.
మాకు మాత్రం రోజుకి రెండు గ్లాసులు,
మాత్రలు మింగే గుక్కతో కలిపి.
ఎండాకాలం ఆయన ఒక్క ఐసుముక్క బుగ్గన పెట్టుకుని
రేడియోలో బేస్‌బాల్ ఆట సగం దాకా లాగుతారు.

కిందటి నవంబరులో, రాత్రి రెండింటికి ఫోను.
"వరసలో మీరు మూడోవారు. సిద్ధంగా ఉండగలరా?"
ఉండగలనన్నారట.
స్నానం చేసి, కొత్త బనీను తొడుక్కుని,
పిల్లికి వారానికి సరిపడా తిండి పోసి
బూట్లు వేసుకుని గుమ్మంలో కూర్చున్నారు.
తెల్లారాక ఇంకో ఫోను.
ముందున్న ఇద్దరికీ చెరొకటి సరిపోయింది.
"మంచిదే కదా" అన్నారు నాతో,
ఆ మాట వెనక ఇంకేమీ లేనట్టే.

నేనంత మంచిదాన్ని కాను.
అంబులెన్సు కూత వింటే
నన్నడక్కుండానే నా చెవులు నిక్కుతాయి.
ఎవరు? ఎంత వయసు? ఏ గ్రూపు?
ఆ తర్వాత రాత్రంతా నామీద నాకే రోత.
ఒకసారి ఈ సంగతి ఆయనతో చెప్పేశాను.
బదులివ్వలేదు. గొట్టంకేసి చూస్తుండిపోయారు.

జనవరిలో ఒక సాయంత్రం బస్సు తప్పి
వాళ్ళ వీధి ఏటవాలు ఎక్కుతున్నాను.
మలుపులో మున్సిపాలిటీవాళ్ళ ఇసుక పెట్టె.
కుమగాయి గారు సంచి తర్వాత సంచి చింపి
అద్దంలా గడ్డకట్టిన దారిమీద
విత్తనాలు జల్లినట్టు జల్లుతున్నారు,
సూదుల చెయ్యి కోటులో దాచుకుని,
రెండో చేత్తో.

"ట్యూషన్ పిల్లలు దిగే వేళ" అన్నారు,
దొంగతనంలో దొరికినవాడిలా.
"పోయినేడు ఇక్కడే ఒక కుర్రాడు జారి, తల..."
వాక్యం అక్కడే వదిలేశారు.
అది ఏ ఆస్పత్రికి, ఏ ఫోనుకి పోతుందో
మా ఇద్దరికీ తెలుసు.

నేనూ ఒక సంచి అందుకున్నాను.
పిడికిలంత పిడికిలంత ఇసుక.
మా పక్కనుంచే ఒక అమ్మాయి
చెవుల్లో పాటలతో, మావైపు చూడకుండా,
అడుగు తడబడకుండా దిగిపోయింది
తన రెండు కిడ్నీలతో
ఇంటికి.