పాటు నీరు

పదకొండేళ్ళుగా
పోర్టు ఆఫీసు రెండో అంతస్తులో
ఆటుపోట్ల పట్టిక టైపు చేస్తున్నాను.
పోటు ఇన్ని గంటలకి, ఇన్ని మీటర్లు.
పాటు ఇన్ని గంటలకి, ఇన్ని.
చుక్క ఒక్కటి పక్కకి జారితే
ఓడ అడుగు నేలకి రాసుకుంటుందని
కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూస్తాను.
ఆ నీళ్ళని మాత్రం
ఎప్పుడూ ముట్టుకోలేదు.

భీమిలిలో, గోస్తని సముద్రాన్ని చేరే చోట
ఉప్పుపర్ర మీద స్టాఫు క్యాంపు.
తొమ్మిది టెంట్లు, దగ్గుతున్న జనరేటరు,
లైఫ్ జాకెట్ల కుప్పలోంచి
ఎవరిదో పాత చెమట, కాస్త రొయ్యపొట్టు వాసన.
జంటల కోసం చీట్లు తీయించారు.
నా చీటీలో సువర్చల.

నాలుగేళ్ళయింది మాట్లాడుకుని.
సీనియారిటీ లిస్టులో
నా పేరు నెత్తిన తన పేరు ఎక్కిన రోజు నుంచి
ఫైళ్ళు ప్యూను చేతే పంపుకుంటున్నాం.
ఇప్పుడు ఇద్దరికీ ఒకటే కయాక్, అరటిదొప్పంత.
ముందు తను. వెనక నేను.

ముందు కూర్చున్నవాళ్ళకి వెనకవాళ్ళు కనబడరు.
వెనకవాళ్ళకి వీపు తప్ప ఏమీ కనబడదు.
మాకు కొత్తేం కాదు,
తెడ్లే కొత్త.
నేను ఎడమ వేస్తే తనూ ఎడమే.
పడవ గిర్రున తిరిగి
మడచెట్ల ఊపిరివేళ్ళకి ముక్కు గుద్దుకుంది.
ఇద్దరం ఎవరికి వాళ్ళం
పడవని తిట్టుకున్నాం.

పాయ సన్నబడింది.
గట్ల మీద ఎర్రబారిన ఇలకూర,
ఒక చెయ్యే పెద్దదైన పీతలు
రమ్మంటున్నాయో పొమ్మంటున్నాయో.
ఉల్లంకి పిట్ట ఒకటి
నీళ్ళలో నడుస్తోందనుకున్నాను.
నీళ్ళు లేవు.
అది బురద మీద నడుస్తోంది.
మేమూ బురద మీదే ఉన్నాం.

తెడ్డుతో తోస్తే
తెడ్డే దిగబడింది.

పీతల బుట్ట నెత్తిన పెట్టుకుని
గట్టున పోతున్న ఒకావిడ ఆగి చూసింది.
"ఏటమ్మా, ఏరెల్లిపోనాదా?
దిగకండి, మోకాల్దాకా పట్టేత్తాది.
అలగే కూకోండి.
దీపాలెట్టేయేలకి అదే వొత్తాది."
నవ్వలేదు కూడా.
బస్సు తప్పిపోయినవాళ్ళకి చెప్పినట్టు చెప్పి
వెళ్ళిపోయింది.

చాలాసేపటికి
ముందున్న వీపు అడిగింది:
"పాటు ఎన్నింటికి?
టైపు చేసేది నువ్వేగా."
శుక్రవారం చేశాను. నా వేళ్ళతోనే.
గుర్తులేదు.
ఆ మాటే చెప్పాను.
వీపు కదిలింది. భుజాలు కదిలాయి.
ఏడుస్తోందేమోనని భయపడ్డాను,
నవ్వుతోంది.

పల్లీచిక్కీ సగం విరిచి
వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపింది.
దోమలు మొదలయ్యాయి.
దూరంగా క్యాంపులో మన వాళ్ళెవరో
అంత్యాక్షరి పాడుతున్నారు, శ్రుతి లేకుండా.
"ఆ లిస్టు నేను పెట్టించింది కాదు" అంది.
నమ్మానో లేదో
ఆ చీకట్లో తేల్చుకోలేకపోయాను.
చిక్కీ మాత్రం తిన్నాను.

నీళ్ళు సముద్రం వైపు నుంచి వస్తాయని
అటే చూస్తున్నాం.
ముందు పీతల కన్నాల్లోంచి వచ్చాయి.
బుడుంగు, బుడుంగుమని
నేల నోరు విప్పినట్టు.
తర్వాత ఎప్పుడో, చప్పుడు లేకుండా
పడవ కింద ఎవరో చాప సర్దారు.
తను కుడి వేసింది. నేను ఎడమ వేశాను.
ఎవరం ఎవరికీ చెప్పలేదు.

ఆ రాత్రి టెంటులో
సువర్చల గురక పెడుతుందని తెలిసింది.
ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

సోమవారం ఫైలు వచ్చింది.
ప్యూనే తెచ్చాడు.
గుండుసూదికి చిన్న కాగితం:
"పాటు 16.52.
ఈసారి చూసుకో."