పాతర

కందిరీగలు ఈ ఏడు నేలబారున గూళ్ళు కట్టాయని
మూడు నెలల ముందే గొయ్యి తవ్వించింది రోతావ్ ముసలమ్మ.
మోట లావా దీవిలో రేడియో ఇంకా పాటలే పాడుతోంది.

అడవి అరటాకులు పరిచి, సీమపనస ముక్కలు పేర్చి
పైన నల్లరాళ్ళెత్తింది.
"ఇది మా అత్త మోసిన రాయి.
ఇది, కడుపుతో ఉండి నేను."

నెల తిరిగేసరికి పులిసిన కంపు.
పట్నం నుంచి వచ్చిన మనవడు సైలస్
ఆ దారే మానేశాడు.

గాలి తిరిగిన సాయంత్రం
అరటిచెట్ల తలలు తనే నరికింది,
దానికి పట్టు దొరక్కూడదని.

ఒక రాత్రి, ఒక పగలు.
బడి కప్పు వెళ్ళి పగడపు దిబ్బ మీద కూర్చుంది.
రేడియో నోరు మెదపలేదు.

మూడోనాడు రాళ్ళు దించారు.
ఆకులో కాల్చిన పుల్లటి రొట్టెకు
సైలస్ రెండోసారి చెయ్యి చాచాడు.
ఆమె చూడనట్టే పెట్టింది.

పన్నెండో రోజుకు బియ్యం పడవ.
దిగినాయన కాగితం తీసి
ఆకలితో ఎందరున్నారని అడిగాడు.
"సముద్రం మీద వచ్చావు, ముందు తిను"
అతని చేతిలో ఓ ముక్క.

చీకటి పడ్డాక
ఖాళీ అయిన పాతర అడుగున
గుప్పెడు పాతది అలాగే ఉంచింది,
వచ్చే ఏటికి తోడు.