ఎడమచేతి వాటం

మంగళవారం, శనివారం తెరుస్తాను మ్యూజియం.
ఒకప్పుడిది ఉప్పుకొట్టు.
ముసురు పట్టిందంటే ఇప్పటికీ
గోడలు చెమర్చి, రాళ్ళ సందుల్లో తెల్లగా ఉప్పు పూస్తుంది.
కౌన్సిల్ ఇంజనీరు దాన్ని చెమ్మ అని రాసుకుపోయాడు.
నేనైతే తుడవను.

ముప్పయ్యొక్కేళ్ళు ట్రాలర్ ఇంజన్ గదిలో బతికినవాణ్ణి.
ఒక చెవి అక్కడే వదిలేశాను.
ఎవరైనా లోపలికొస్తే
తలుపు గంట కన్నా ముందు
తడికోటు వాసనే చెబుతుంది నాకు.

పిల్లలు నేరుగా దిక్సూచి దగ్గరికి పోతారు.
పెద్దలు టీ దొరుకుతుందా అంటారు.
నీలం ఊలు స్వెట్టరు ముందు మాత్రం అందరూ కాస్త ఆగుతారు,
మోచేతి దగ్గర వేరే రంగు ఊలుతో
ఎవరో వేసిన అతుకు చూసి.

ఆ శనివారం విలియమీనా మెయిర్ వచ్చింది.
మ్యూజియం చూడ్డానికి కాదు, వానకి.
తొంభై దాటాయి. ఊరంతా మీనా అంటుంది.
రెండు వీధుల అవతలే పుట్టి పెరిగి
ఒక్కనాడూ ఈ గడప తొక్కలేదు.
"మా వంటింటి సామాను చూడ్డానికి
నేను టిక్కెట్టు కొనాలా?" అనేది.

కిటికీ పక్క గాజుపెట్టె మీదికి వంగింది.
వేలెడంత కత్తి, కొయ్యపిడి.
కింద నా రాత: హెర్రింగ్ చేపలు కోసే కత్తి. ఎవరిదో తెలియదు.

"తిప్పి పెట్టావు" అంది.
వినబడలేదు నాకు. ఈసారి అరిచింది:
"అంచు అవతలివైపు నూరారు, చూడు.
ఈ రేవులో ఎడమచేత్తో కోసింది ఒక్కతే.
బెతియా."

ముగ్గురు ఒక జట్టట.
ఇద్దరు కొయ్యాలి, ఒకరు పీపాలో పేర్చాలి.
చేప, ఉప్పు, చేప, ఉప్పు.
పడవలు ఏ రేవుకి పోతే ఆ రేవుకి
వెనకే రైల్లో వీళ్ళు, అల్లికసూదులు ఆడిస్తూ.
మోచేతులు తగలకుండా
బెతియాని తొట్టి చివర నిలబెట్టేవాళ్ళట.

"బడిలో దాని ఎడమచేతిని కుర్చీకి కట్టేసేవాడు పంతులు.
కుడిచేత్తో రాస్తే
ఒక్కో అక్షరం వానలో తడిసిన కోడిపిల్ల.
తొట్టి దగ్గర ఏ చెయ్యని ఎవడడిగాడు?
లాంతరు వెలుగులో దాని చెయ్యి కనబడేది కాదు,
పొలుసులు ఎగరడమే కనబడేది.

యార్మత్‌లో ఒక నవంబరు
మేం రైలెక్కాం. అది ఎక్కలేదు.
పీపాలు చేసే కుర్రాడొకడు ఉన్నాడులే.
ఉత్తరం రాస్తానంది."

వాన పైకప్పులోంచి బకెట్లోకి చుక్క చుక్క.

"ఎన్నేళ్ళు కోపం పెట్టుకున్నానో.
ఏ చేత్తో రాస్తుందని
ఇప్పుడు తోస్తోంది, ఇది చూస్తే."

పదకొండేళ్ళ కింద పార్సిల్లో వచ్చిందా కత్తి.
లోపల చీటీ లేదు.
పైన మ్యూజియం చిరునామా,
చిన్నపిల్లలు రాసినట్టు వంకర వంకరగా.
ఆ కాగితం పొయ్యిలో వేశాను.
మీనాకి ఇది చెప్పలేదు. ఇంకా చెప్పలేదు.

తాళం తీశాను. రూలు ప్రకారం
తెల్ల చేతితొడుగులు ఇచ్చాను.
నవ్వింది, పళ్ళు లేని నోరంతా తెరిచి.
"ఆనాడు ఇవ్వాల్సింది ఇవి!"

ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో గుడ్డపట్టీ తెమ్మంది.
నా చెయ్యి లాక్కుని, బొటనవేలికి, దాని పక్క రెండు వేళ్ళకి
పీలికలు చుట్టి, పంటితో దారం తెంపి ముడేసింది.
"పిండిసంచుల గుడ్డ దీనికన్నా మెత్తన.
అయినా కత్తి దిగేది. దిగిన చోట ఉప్పు దిగేది.
వేళ్ళు మడిచి చూడు. ఊఁ. అట్లాగే."

వాన వెలిసింది. టిక్కెట్టు డబ్బులు
బల్లమీద పెట్టి మరీ వెళ్ళింది.

కట్టిన వేళ్ళతో తాళంచెవి తిరగలేదు నాకు.
విప్పబుద్ధి కాలేదు.
తలుపు దగ్గరగా వేసి, రేవు గట్టు మీదుగా
ఇంటికి నడిచాను.
హెర్రింగ్ పడవలు కట్టిన ఇనుపకడియాలకి
ఎవరివో తెల్ల విహారనౌకలు, ఒకటి పక్కన ఒకటి.
రాత్రంతా తెరిచే ఉంది ఉప్పుకొట్టు.